ఇస్నోఫీలియా అనబడే ఒక అంకె కథ

మొన్న చలికాలంలో దగ్గు పట్టుకుని మూడు వారాలైనా వదల్లేదు. పగలంతా బానే ఉంటుంది. తెల్లవారుజామున మూడింటికి మాత్రం లేపి కూర్చోబెడుతుంది, ఛాతీలో పిల్లికూతలు. చివరికి దిల్‌సుఖ్‌నగర్‌లో మా సందు చివరున్న ల్యాబ్‌లో రక్తం ఇచ్చొచ్చాను. సాయంత్రానికి ఫోనుకి రిపోర్టు వచ్చింది. ఇయోసినోఫిల్ కౌంట్ 860. పక్కనే లావుపాటి అక్షరాల్లో 'హై'.

అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. "చూసినవా, మల్ల ఇస్నోఫీలియానే. చిన్నప్పటి సంది ఉన్నదే గదా నీకు" అంది. డయాగ్నోసిస్ అయిపోయింది :)

తెలుగు ఇళ్ళల్లో బీపీ, షుగరు, గ్యాసు తర్వాత ఇంత చనువుగా నోట్లో ఆడే ఇంగ్లీషు జబ్బు ఇంకోటి లేదనుకుంటా. దుమ్ము పడదా? ఇస్నోఫీలియా. పొద్దున్నే తుమ్ములా? ఇస్నోఫీలియా. తమాషా ఏంటంటే ఇది అసలు జబ్బు పేరే కాదు. ఒక లెక్క. రక్తంలో ఒకానొక రకం తెల్లకణాలు ఉండాల్సినదానికన్నా ఎక్కువున్నాయని చెప్పే అంకె. మన భాషలో చెప్పాలంటే అర్ధరాత్రి సర్వర్ నుంచి 'సీపీయూ 90 శాతం' అని అలర్ట్ వచ్చినట్టు. ఎందుకొచ్చిందో అలర్ట్ చెప్పదు, మనమే లాగ్స్ తవ్వుకోవాలి.

నాకెటూ నిద్ర లేదు కాబట్టి తవ్వడం మొదలెట్టాను. మదనపల్లె తగిలింది, భీమవరం తగిలింది, చివర్లో చాలా ఎలుకలు తగిలాయి.

ముందు పేరు సంగతి. 1879లో జర్మనీలో పాల్ ఎర్లిక్ అనే కుర్ర డాక్టరు, బట్టలకి వేసే కృత్రిమ రంగుల్ని రక్తం మీద పోసి మైక్రోస్కోపులో చూసేవాడు. కొన్ని కణాలు ఇయోసిన్ అనే గులాబీ రంగుని ఆబగా పీల్చుకుని మెరిశాయి. ఇయోసిన్ అన్న పేరు గ్రీకులో ఉషోదయం అనే మాట నుంచి వచ్చింది. ఆ రంగుని ఇష్టపడే కణం కాబట్టి ఇయోసినోఫిల్. పేరు పెట్టేనాటికి అది ఏం పని చేస్తుందో తెలీదు, ఏ రంగు పట్టుకుంటుందో మాత్రమే తెలుసు. వేరియబుల్‌కి 'పింక్' అని పేరు పెట్టి వదిలేసిన కోడ్‌ని నూటయాభై ఏళ్ళుగా మెయింటెయిన్ చేస్తున్నామన్నమాట.

ఇక మదనపల్లె. మదనపల్లె అంటే నాకు టమాటాల మార్కెట్టు, టాగోర్ జనగణమనని ఇంగ్లీషులోకి అనువదించిన ఊరు, అంతే తెలుసు. ఊరికి దగ్గర్లో ఆరోగ్యవరం ఉంది. అక్కడ 1915లో యూనియన్ మిషన్ క్షయ శానటోరియం మొదలైంది. డెన్మార్క్ నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ అనే డాక్టరు దానికి పెద్ద. అప్పట్లో క్షయకి మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ దొరికింది 1943లో. అప్పటిదాకా వైద్యం అంటే మంచి గాలి, తిండి, విశ్రాంతి, ఊపిరితిత్తిని కొన్నాళ్ళు ముడుచుకునేలా చేసే ప్రక్రియలు, ఆపైన దైవాధీనం. క్షయ అని ముద్ర పడిందంటే ఉద్యోగం పోతుంది, పెళ్ళి ఆగుతుంది, కంచం వేరవుతుంది. నెలలకి నెలలు ఇంటికి దూరంగా మంచం మీద ఉండాలి.

అలా క్షయ అని పంపబడ్డ కొందరు రోగులు ఫ్రిమోట్-మోలర్‌కీ, ఆయన సహచరుడు బార్టన్‌కీ తేడాగా కనిపించారు. దగ్గు ఉంది, జ్వరం ఉంది, బరువు తగ్గారు, ఎక్స్-రేలో ఊపిరితిత్తుల నిండా చిన్నచిన్న మచ్చలు. అన్నీ క్షయ లక్షణాలే. కానీ కళ్ళెలో క్షయ క్రిమి లేదు. రక్తం చూస్తే గులాబీ కణాలు కుప్పలుతెప్పలుగా ఉన్నాయి. పైగా వీళ్ళు తేరుకుంటున్నారు. 1940లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో వాళ్ళిద్దరూ దీన్ని 'ఇయోసినోఫీలియాతో కూడిన మిథ్యా క్షయ' అని అర్థమొచ్చే పేరుతో ప్రచురించారు.

నాకు ఈ భాగం చదువుతున్నప్పుడు ఒళ్ళు జలదరించింది. ఒక అంకె చూసి మీకు క్షయ కాదు, ఇంటికెళ్ళండి అనిపించుకున్న మనిషిని ఊహించుకోండి. ఆ రోజుల్లో ఆ గులాబీ కణాల లెక్క ఒక బతుకుని వెనక్కి ఇచ్చింది. నేను ఇందాక దాన్ని ఉత్త అలర్ట్ అని ఎగతాళి చేశాను కదా, ఆ మాట సగం వెనక్కి తీసుకుంటున్నా.

మూడేళ్ళ తర్వాత, 1943లో, వైన్‌గార్టెన్ అనే డాక్టరు భారతదేశంలో చూసిన ఇలాంటి రోగుల గురించి లాన్సెట్ పత్రికలో రాసి 'ట్రాపికల్ ఇయోసినోఫీలియా' అని పేరు పెట్టాడు. ఆ పేరే నిలబడింది. మన అమ్మల నోటికొచ్చేసరికి ముందున్న 'ట్రాపికల్' ఊడిపోయి, వెనకున్నది ఇస్నోఫీలియా అయింది. ఆయన వాడిన మందు ఆర్సెనిక్ ఇంజెక్షన్లు. అవును, పాషాణమే. పనిచేసేది కూడా. ఎందుకు పనిచేస్తోందో మాత్రం తెలీదు.

ఇక్కడ కథలోకి భీమవరం వస్తుంది. యల్లాప్రగడ సుబ్బారావు పేరు మనలో చాలామందికి స్కూలు పుస్తకాల వల్లో, ఫార్వర్డ్ మెసేజీల వల్లో తెలుసు. 1895లో భీమవరంలో పుట్టాడు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఇంగ్లీషు ప్రొఫెసరు కోపానికి గురై, పూర్తి ఎంబీబీఎస్ కాకుండా తక్కువరకం ఎల్ఎంఎస్ పట్టాతో బయటపడ్డాడు. 1922లో బోస్టన్‌లో దిగాడు. హార్వర్డులో ఫిస్కేతో కలిసి చేసిన ఫాస్ఫరస్ పరీక్ష 1925 నాటిది, బయోకెమిస్ట్రీ వాళ్ళు ఈనాటికీ ఆ ఇద్దరి పేర్లతోనే పిలుస్తారు. హార్వర్డులో స్థిరపడనివ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి మారాడు.

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకెళ్ళిన అమెరికా సైనికులు వేల సంఖ్యలో ఫైలేరియా తగిలించుకుని వచ్చారు. మనకి బోదకాలుగా తెలిసిన జబ్బే. దోమ కుడితే వచ్చే సన్నటి పురుగు. శతాబ్దాలుగా మన కోస్తా ఊళ్ళని పట్టి పీడిస్తున్నప్పుడు రాని తొందర, తెల్ల సైనికుడికి వచ్చేసరికి వచ్చింది. ఏమాటకామాటే, ఫలితం మాత్రం అందరికీ దక్కింది. సుబ్బారావు బృందంలో హెవిట్ అనే శాస్త్రవేత్త ఒకరకం అమెరికా ఎలుకల మీద మందులు పరీక్షించేవాడు. పత్తి ఎలుకలంటారు వాటిని. వాటికి సహజంగానే ఒంట్లో ఫైలేరియా జాతి పురుగు ఉంటుంది. అంటే జబ్బుని ఎక్కించక్కర్లేదు, రెడీమేడ్ టెస్ట్ ఎన్విరాన్మెంట్. ఒకదాని తర్వాత ఒకటి రసాయనాలు పడుతూ లేస్తూ పోగా, ఒకటి పనిచేసింది. డైఇథైల్ కార్బమజైన్. 1947లో ఎలుకల మీదా, కుక్కల మీదా దాని ఫలితాలు ప్రచురించారు, సుబ్బారావు పేరు కూడా ఉంది అందులో. కంపెనీ పెట్టిన పేరు హెట్రజాన్. మరుసటేడు ఆగస్టులో ఆయన నిద్రలోనే పోయాడు. 53 ఏళ్ళు.

హెట్రజాన్ పురుగు కోసం పుట్టిన మందు. కానీ డాక్టర్లు దాన్ని ట్రాపికల్ ఇయోసినోఫీలియా రోగులకిచ్చి చూస్తే, పాషాణం అక్కర్లేకుండా తగ్గిపోసాగింది. అంటే ఈ దగ్గు వెనక కూడా పురుగే ఉందా? కానీ రక్తంలో వెతికితే పురుగు పిల్లలు కనిపించవే! ఆ ముడి 1960లో రాయవెల్లూరులో వీడింది. సీఎంసీలో వెబ్, జాబ్, గాల్ట్ అనే ముగ్గురు ఇలాంటి రోగుల ఊపిరితిత్తి, కాలేయం, లింఫు గ్రంథుల నుంచి చిన్న ముక్కలు తీసి చూస్తే, లోపల పురుగు పిల్లలు చిక్కుకుని ఉన్నాయి, చుట్టూ గులాబీ కణాల సైన్యం. ఒళ్ళు వాటిని రక్తంలో తిరగనివ్వకుండా పట్టేసుకుంటోంది. ఆ పట్టుకునే యుద్ధమే దగ్గు, ఆయాసం.

చూశారా, మదనపల్లెలో చూశారు, భీమవరం మనిషి బృందం మందు తయారుచేసింది, రాయవెల్లూరులో కారణం తేలింది. ఇంత దగ్గరి కథ మనకి ఎవరూ చెప్పకపోవడం నాకు ఆశ్చర్యమే.

ఇప్పుడు నా సొంత గొడవ. మాది పాత నల్గొండ జిల్లా. మా చిన్నప్పుడు ఫైలేరియా మాత్రలు ఇంటింటికీ పంచేవారు, ఎందుకంటే అక్కడ ఆ జబ్బు నిజంగానే ఉంది. కాబట్టి దగ్గు, పిల్లికూతలు, రక్తంలో గులాబీ కణాలు ఉన్న పిల్లాడిని చూసి డాక్టరు సుబ్బారావు మాత్రలు 21 రోజుల కోర్సు రాస్తే అందులో మొదటిసారికి తప్పేం లేదు. రెండోసారి కూడా సరే. మా టౌన్లో ఒక డాక్టరు నాకు ప్రతి చలికాలం రాశాడు. నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా. ట్రాపికల్ ఇయోసినోఫీలియాలో లెక్క మామూలుగా మూడు వేలు దాటుతుంది. నాది ఎప్పుడూ వెయ్యి లోపే. మాత్రలేసుకుంటే కడుపులో తిప్పేది. మార్చి వచ్చేసరికి దగ్గు ఎలాగూ తగ్గేది, క్రెడిట్ మాత్రలకి పోయేది. ఒక జూన్లో నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండుకి చేపమందుకి కూడా తీసుకొచ్చారు. బతికున్న కొర్రమీను పిల్ల గొంతులోంచి జారుతున్న అనుభూతి ఇప్పటికీ గుర్తే, అది వేరే టపా.

గులాబీ కణాలు పెరగడానికి పురుగొక్కటే కారణం కాదు. ఎలర్జీ వల్ల వచ్చే ఉబ్బసంలో కూడా పెరుగుతాయి. దుప్పట్లలో బతికే కంటికి కనిపించని నల్లి జాతి పురుగులు, బొద్దింకల పొడి, వయ్యారిభామ పుప్పొడి, వీటిని ఒళ్ళు శత్రువులనుకుని ఆ పురుగు కోసం దాచుకున్న సైన్యాన్నే పంపిస్తుంది. అలర్ట్ ఒకటే, బగ్గులు రెండు. మొదటి బగ్గుకి వేసిన ప్యాచ్‌ని నాకు ఏడేళ్ళు రెండో బగ్గుకి వేశారు.

ఈ రెండో బగ్గుని అర్థం చేసుకోడానికి శాస్త్రవేత్తలు మళ్ళీ ఎలుకల దగ్గరికే వెళ్ళారు. ఈసారి చిన్న తెల్ల చిట్టెలుకలు. మా గదికి అరగంట దూరంలో తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, దేశంలోని ల్యాబులకి పరిశోధన ఎలుకలు పెంచి పంపే కేంద్రాల్లో అదొకటి. పత్తి ఎలుకకీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. చిట్టెలుకకి ఉబ్బసం దానంతట అది రాదు. మనమే తెప్పించాలి. ఎక్కువగా వాడే పద్ధతి విచిత్రంగా ఉంటుంది: కోడిగుడ్డు తెల్లసొనలో ఉండే ప్రోటీన్‌ని పటిక జాతి ఉప్పుతో కలిపి పొట్టలోకి ఒకటి రెండు సార్లు ఎక్కిస్తారు. ఒంటికి దాని మీద పగ పుడుతుంది. కొన్నాళ్ళాగి అదే ప్రోటీన్‌ని తుంపరగా పీల్పిస్తారు. ఊపిరితిత్తుల్లోకి గులాబీ కణాలు వరదలా వచ్చేస్తాయి, కళ్ళె ఊరుతుంది, గొట్టాలు బిగుసుకుంటాయి. ఆమ్లెట్ వాసనకి ఉబ్బసం వచ్చే ఎలుక తయారు.

ఈ కణాల్ని పుట్టించి పెంచే సంకేతం ఇంటర్‌ల్యూకిన్-5 అనే ప్రోటీన్. 1996లో ఆస్ట్రేలియాలో ఫాస్టర్ బృందం ఆ జన్యువు తీసేసిన ఎలుకల్ని తయారుచేసింది. వాటికి గుడ్డు ఉబ్బసం రాలేదు. గులాబీ కణాలు లేవు, గొట్టాలు బిగుసుకోలేదు. ఇంకేం, సంకేతాన్ని పట్టుకునే యాంటీబాడీ ఇస్తే మనుషులకీ తగ్గిపోవాలి కదా? 2000లో మనుషుల మీద పరీక్షించారు. రక్తంలో కణాలు పడిపోయాయి. ఉబ్బసం మాత్రం కదల్లేదు. లెక్క మారింది, మనిషి మారలేదు. దాంతో చాలామంది ఎలుక అబద్ధం చెప్పిందన్నారు.

నిజానికి ఎలుక అబద్ధం చెప్పలేదు, మనం అడిగిన ప్రశ్న తప్పు. ఉబ్బసం ఉన్న వాళ్ళందర్నీ ఒకే గాటన కట్టేసి మందిచ్చారు. 2009లో రెండు చిన్న పరిశోధనల్లో రోగుల్ని ముందే వడకట్టారు: స్టెరాయిడ్లు వాడుతున్నా గులాబీ కణాలు తగ్గనివాళ్ళు, మాటిమాటికీ ఆయాసం తిరగబెట్టేవాళ్ళు. వాళ్ళకి అదే యాంటీబాడీ ఇస్తే ఆ తిరగబెట్టడం బాగా తగ్గింది. 2015 నవంబరులో మెపోలిజుమాబ్ పేరుతో అమెరికాలో అనుమతి వచ్చింది. అలా ఇస్నోఫీలియా అనే పాత లెక్క మళ్ళీ పనికొచ్చింది, ఆరోగ్యవరంలో పనికొచ్చినట్టే, ఎవరు ఏ వరసలో నిలబడాలో తేల్చడానికి.

అయితే యాంటీబాడీ పెద్ద అణువు. ఇంజెక్షన్‌గానే ఇవ్వాలి, ఫ్రిజ్‌లో పెట్టాలి, ధర మా ఇంటి ఊహకందదు. జబ్బేమో ఊపిరితిత్తిలో, సూదేమో చేతికి. నేరుగా పీల్చేలా చెయ్యలేమా అన్న ప్రశ్న నుంచే యాంటీబాడీ ముక్కల వైద్యం వచ్చింది.

ముక్కల కథ నాకు భలే నచ్చింది, ఎందుకంటే అందులో బొప్పాయి ఉంది. మటన్ మెత్తబడటానికి మన వంటవాళ్ళు పచ్చి బొప్పాయి ముద్ద పట్టిస్తారు కదా, అందులో పనిచేసేది పపైన్ అనే ఎంజైము, మాంసపు ప్రోటీన్లని కోసేస్తుంది. 1959లో ఇంగ్లండులో రాడ్నీ పోర్టర్ అదే పపైన్‌తో కుందేలు యాంటీబాడీల్ని కోశాడు. 'వై' అక్షరంలా ఉండే యాంటీబాడీ సరిగ్గా నడుము దగ్గర తెగి మూడు ముక్కలైంది. రెండు చేతులు, ఒక కాండం. శత్రువుని పట్టుకునేది చేతులే. కాండం పని మిగతా సైన్యాన్ని పిలవడం, అణువుని రక్తంలో వారాల తరబడి నిలబెట్టడం. దీనికి పోర్టర్‌కి 1972లో నోబెల్ వచ్చింది, ఎడెల్మన్‌తో కలిపి.

ఇదేదో విదేశీ ల్యాబుల వింత అనుకోకండి. మన ఊళ్ళల్లో పాము కరిస్తే ఎక్కించే మందు కూడా యాంటీబాడీ ముక్కలే. గుర్రాలకి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తంలో తయారైన యాంటీబాడీల్ని పెప్సిన్‌తో కోసి, గొడవ చేసే కాండాన్ని తీసేసి సీసాల్లో నింపుతారు. హైదరాబాదు కంపెనీ విన్స్ బయోప్రొడక్ట్స్ తయారుచేసేది అదే. అంటే పొలంలో పాము కరిచిన రైతుకి జిల్లా ఆసుపత్రిలో అందేది, ఉబ్బసం పరిశోధకులు కొత్తగా వాడబోతున్నదీ ఒకే ఆలోచన.

ఊపిరితిత్తికి ముక్క ఎందుకు మేలు? చిన్నది. మొత్తం యాంటీబాడీలో మూడోవంతు ఉంటుంది. ఒంటెల్లో ఇంకా చిన్న రకం ఉందని బ్రసెల్స్ శాస్త్రవేత్తలు 1993లో చెప్పారు, అది పదోవంతే. బ్యాక్టీరియాలో పెంచి తియ్యొచ్చు కాబట్టి ఖర్చు తగ్గే వీలుంది. కాండం లేదు కాబట్టి రక్తంలోకి జారినా గంటల్లో బయటికి పోతుంది. రక్తంలోకి ఎక్కించే మందుకి అది లోపం, పీల్చే మందుకి అదే వరం. 2012లో బెల్జియంలోని లియెజ్‌లో కటాల్డో బృందం, ఇంటర్‌ల్యూకిన్-13ని పట్టుకునే ముక్కని తుంపరగా చేసి ఎలర్జీ ఎలుకలకి పీల్పించింది. ఊపిరితిత్తుల వాపు తగ్గింది, గొట్టాలు అతిగా బిగుసుకోవడం తగ్గింది. సూది లేదు.

చదవగానే ఎగిరి గంతేశాను. తర్వాత పేజీ తిప్పితే అదే ఇంటర్‌ల్యూకిన్-13 మీద మనుషులకి ఇంజెక్షన్‌గా ఇచ్చిన పూర్తి యాంటీబాడీలు లెబ్రికిజుమాబ్, ట్రాలోకినుమాబ్ ఉబ్బసంలో పెద్ద పరీక్షలు గట్టెక్కలేదు. ఎలుకకి పనిచేసిన గురి మనిషికి సరిపోలేదు. ముక్కల మీద నాకు నమ్మకం పోలేదు గానీ, డెవ్‌లో పాసైన ప్రతీదీ ప్రొడక్షన్‌లో పాసవదని మనకి వేరే చెప్పాలా. పైగా ఎలుక ఉబ్బసం కొన్ని వారాల్లో కావాలని తెప్పించింది. నాది పాతికేళ్ళది.

ల్యాబ్ రిపోర్టు పట్టుకుని ఎల్బీనగర్‌లో ఒక ఛాతీ డాక్టరమ్మ దగ్గరికెళ్ళాను. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రోలో మూడో స్టాపు. కింద రోడ్డు మీద దుమ్ము చూస్తే మెట్రో కట్టినవాళ్ళకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఆవిడ 860 చూసి ఏమీ అనలేదు. ఒక గొట్టంలోకి గట్టిగా ఊదమంది. తర్వాత మందు పీల్పించి, పావుగంటాగి మళ్ళీ ఊదమంది. రెండో గ్రాఫు మొదటిదానికన్నా బాగా లేచింది. "ఉబ్బసం. చిన్నప్పటినుంచీ ఇదే అయ్యుంటుంది" అంది. మరి ఈ కౌంట్ సంగతేంటండీ అనడిగాను. "అది ఎక్కువుంటే ఇన్‌హేలర్లోని స్టెరాయిడ్ బాగా పనిచేసే అవకాశం ఎక్కువ. ఫైల్లో పెట్టుకో, పారెయ్యకు" అంది. పురుగు మాత్రలు రాయలేదు. యాంటీబాడీ ఇంజెక్షన్ల గురించి నేను చదివిందంతా ఏకరువు పెట్టబోతే నవ్వి, అంతదాకా రాలేదులే అంది.

రాత్రి అమ్మ ఫోన్ చేసింది. ఇన్‌హేలర్ అనగానే గొంతు మారింది. అది అలవాటైతే ఇక వదలదంటరు గదా అని, కాసేపాగి అడిగింది:

"ఈసారి ఎన్ని రోజుల కోర్సు రాసిన్రు? ఇరవై ఒకటేనా?"

రోజూ పీల్చాలమ్మా అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, దుప్పట్లు వేడినీళ్ళల్ల ఉతుకుతున్నవా లేదా అని మొదలుపెట్టింది.